యజమాని లేని పాట

మా విద్యార్థులు బలవంతం చేస్తే ‘యెస్టర్‌డే’ అనే ఇంగ్లీషు చిత్రం చూశాను. 2019లో వచ్చింది. దర్శకుడు డానీ బాయిల్, రచయిత రిచర్డ్ కర్టిస్. ఒక ప్రేమకథ, దానికి తోడు ఒక అభూతకల్పన. ఇటువంటి చిత్రాన్ని గురించి ఇక్కడ రాయటమేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కాని నవ్వించటానికి తీసిన చిత్రం కూడా ఒక్కొక్కసారి తనకే తెలియకుండా ఒక నిజాన్ని బయటపెడుతుంది.

జాక్ మాలిక్ టోకు సరుకుల గిడ్డంగిలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు తన పాటలు పాడుతూంటాడు. ఎవరూ వినరు. బళ్లో లెక్కలు చెప్పే ఎల్లీ అతనికి కచేరీలు కుదురుస్తుంది, తన కారులో తిప్పుతుంది, ప్రేమిస్తుంది. ఈ చాకిరీకి జీతం లేదు. దాన్ని చిత్రం పట్టించుకోలేదు. ఒక రాత్రి లోకమంతటా పన్నెండు సెకన్లు దీపాలారిపోతాయి. ఆ చీకట్లో సైకిలు మీద పోతున్న జాక్‌ని బస్సు గుద్దుతుంది. లేచేసరికి లోకంలో బీటిల్స్ అనేవాళ్లు పుట్టలేదు! వాళ్ల పాటలు అతనికే జ్ఞాపకం. వాటిని తనవని చెప్పి గొప్పవాడవుతాడు.

కొంతవరకూ ఇది బాగా నవ్వించింది. జాక్ ఇంట్లో పియానో దగ్గర కూచుని ఒక మహత్తరమైన పాట ఎత్తుకుంటాడు. తల్లిదండ్రులూ, ఇంటికి వచ్చినవాళ్లూ దాన్ని సాగనివ్వరు. గొప్పదని ముందుగా ఎవరూ చెప్పని పాటకు పట్టే గతి అదే.

నన్ను ఆలోచింపజేసింది మరొక ఘట్టం. జాక్‌కు ఒక పాట మాటలు గుర్తురావు. ఎంత తన్నుకున్నా రావు. చివరకు లివర్‌పూల్ వెళ్లి, ఆ వీధులూ, ఆ సమాధులూ చూశాకగాని పాట కూడదు. పాట గాలిలో దొరికే వస్తువు కాదని చిత్రం తన కథకు విరుద్ధంగా తానే ఒప్పుకున్నది. ఆ నలుగురూ రేవుపట్నం పిల్లలు. హారిసన్ తండ్రి బస్సు నడిపినవాడు. 1960 నుంచి 62 దాకా హాంబర్గ్ తాగుడుశాలల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించారు. 1963లో వచ్చిన మొదటి ఆల్బంలో పధ్నాలుగు పాటలుంటే ఆరు ఇతరులవి. అమెరికా నీగ్రో గాయకుల దగ్గర (ఇప్పుడు నల్లజాతి గాయకులనాలి) ఎంత నేర్చుకున్నారో వాళ్లే చెప్పుకున్నారు. జాక్‌కు ఈ శ్రమలో ఏదీ లేదు, ఫలం మాత్రం దక్కింది.

ఆఖరున అతను వెంబ్లీలో వేలమంది ముందు నిజం ఒప్పుకుని, పాటలన్నిటినీ ఉచితంగా పంచిపెట్టేస్తాడు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషమే కలిగింది. కాని అతను పంచగలిగింది ఎందుచేత? బీటిల్స్‌తోపాటు వాళ్ల పాటలకు యజమానులైన కంపెనీలు కూడా మాయమైనాయి గనక! అసలు లోకంలో జరిగింది వేరు. 1969లో ఆ పాటల హక్కుల కంపెనీ, వాటిని కట్టిన లెనన్, మెకార్ట్‌నీల చెయ్యి దాటి ఏటీవీ పరమయింది. 1985లో ఏటీవీ పాటల వ్యాపారాన్ని మైకేల్ జాక్సన్ నాలుగు కోట్ల డెబ్బయి అయిదు లక్షల డాలర్లకు కొన్నాడు. పాట కట్టినవాడు తన పాటను బేరమాడి కొనుక్కోలేకపోయిన లోకంలో, దాన్ని పంచిపెట్టటానికి పన్నెండు సెకన్ల చీకటి అవసరమయింది. రచయిత కర్టిస్ ఈ సంగతి గమనించినట్టు లేదు.

ఇంకొక ఘట్టం ఉన్నది. ఆ పాటలు జ్ఞాపకమున్నవాళ్లు మరో ఇద్దరుంటారు. వాళ్లు జాక్‌ని వెతుక్కుంటూ వస్తారు. బండారం బయటపడిందని అతను వణికిపోతాడు. వాళ్లు నిందించరు. తమకు పాడటం రాదనీ, అతను పాడినందువల్ల ఆ పాటలు మళ్లీ లోకానికి దక్కాయనీ కృతజ్ఞత చెబుతారు.

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. చదువుకునే రోజుల్లో ‘మాభూమి’ చిత్రంలో గద్దర్ పాడిన బండి పాటను నేను సభల్లో పాడేవాణ్ణి. “ఇప్పుడు గద్దర్ రాసిన పాట” అని ముందు చెప్పేవాణ్ణి కూడా. ఒక ఊళ్లో సభ ముగిశాక ఒక ముసలాయన దగ్గరికొచ్చాడు. “పాట కట్టింది బండి యాదగిరి బిడ్డా, మా లడాయి కాలంల” అన్నాడు. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ ఒకసారి పాడమన్నాడు.

పాడాను. ఆయన చరణం చరణానికీ ముందే అందుకుంటూ వచ్చాడు.