రుచీ లేదు, వాసనా లేదు

యూదుల పంటల పండగ పేరు సుక్కోత్. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వస్తుంది, ఏడు రోజులు. కొమ్మలూ ఆకులూ కప్పిన పందిట్లో కూర్చుని భోజనాలు చేస్తారు. పందిళ్లు మనకీ ఉన్నాయి కాబట్టి అది నాకు కొత్తగా అనిపించలేదు. నన్ను పట్టేసింది వాళ్లు చేత్తో పట్టుకునే నాలుగు మొక్కలు.

కుడిచేతిలో ఒక కట్ట: ఇంకా విచ్చుకోని ఖర్జూరపు మొవ్వు ఒకటి, మిర్టిల్ కొమ్మలు మూడు, విల్లో కొమ్మలు రెండు. ఎడమచేతిలో ఎత్రోగ్, అంటే మన మాదీఫలం, దబ్బపండు లాంటి నిమ్మజాతి పండు. రెండు చేతులూ దగ్గరికి చేర్చి నాలుగు దిక్కులకీ, పైకీ, కిందికీ ఊపుతారు. వీటిని పట్టుకుని సంతోషించమని లేవీయకాండం 23వ అధ్యాయంలో ఉంది. ఎందుకు ఈ నాలుగే అన్నది అక్కడ లేదు. ఆ ఖాళీని తర్వాతి రబ్బీలు నింపారు.

వాళ్ల వ్యాఖ్యానం ఒకటి ఇలా ఉంటుంది. ఎత్రోగ్‌కి రుచి, వాసన రెండూ ఉన్నాయి. ఖర్జూరానికి రుచే, మిర్టిల్‌కి వాసనే. విల్లోకి రెండూ లేవు. కంప్యూటర్ సైన్స్ వాణ్ణి కదా, నాకు 11, 10, 01, 00 అని కనిపించింది! రుచి అంటే ధర్మశాస్త్ర జ్ఞానం, వాసన అంటే మంచి పనులు. అంటే విల్లో చదువూ లేని, మంచీ చెయ్యని మనిషి. అతన్నీ కలిపి కట్టండి, ఒకరి లోటు ఒకరు తీరుస్తారు అన్నాడట దేవుడు.

ఎత్రోగ్‌ని గీత పడకుండా మెత్తగా చుట్టి డబ్బాలో దాస్తారు, మచ్చ లేనిదానికి బోలెడు ధర. విల్లో ఏటి ఒడ్డున పెరిగేది, త్వరగా వాడిపోతుంది. కానీ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా విధి నెరవేరినట్టు కాదు. అచ్చంగా యాండ్ గేట్.

మా క్లాసులో ప్రాజెక్ట్ టీములు మమ్మల్నే కట్టుకోమంటారు. తొమ్మిది పైన సీజీపీఏ వాళ్లు నిమిషంలో ఒకచోట చేరిపోతారు. ఆఖర్న ఒకడు మిగులుతాడు, సార్ వాణ్ణి ఏదో ఒక టీములో వేస్తారు. ఒక సెమిస్టర్‌లో ఆ మిగిలినవాణ్ణి నేనే. అందుకే చెప్తున్నా, పోనీలే అని కలుపుకోవడం వేరు, నువ్వు లేకపోతే ఇది కట్టే కాదు అనడం వేరు.

అయినా విల్లోకి సున్నా వెయ్యడం నాకు నచ్చలేదు. క్రికెట్ బ్యాట్ చేసేది ఆ జాతి చెక్కతోనే! ఇంకో వ్యాఖ్యానంలో ఖర్జూరం వెన్నెముక, మిర్టిల్ కన్ను, ఎత్రోగ్ గుండె, విల్లో నోరు. ఇందులో ఎవరికీ మార్కులు లేవు, నా ఓటు దీనికే.

ఏడో రోజు నాలుగింటితో ప్రదక్షిణలు చేశాక వాటిని పక్కన పెట్టేస్తారు. విడిగా ఐదు విల్లో కొమ్మల కట్ట తీసుకుని నేలకేసి కొడతారు. అక్కడ వానాకాలం మొదలయ్యే రోజులవి, ప్రార్థనల్లో నీళ్ల మాటా ఉంటుంది. ఆ పూట ఎత్రోగ్ డబ్బాలో ఉంటుంది.