సున్నపునీటి మొక్కజొన్న

మహేశ్వరము
శనివారము, సాయంకాలము

అక్కయ్యా,

గుంటూరులో నీవు మూటగట్టి యిచ్చిన కారమును, గోంగూర పచ్చడియు క్షేమముగా చేరినవి. నీ మేనల్లుని యిల్లు మహేశ్వరమునకు దాపుననే యగుటచేత, పగలు శివగంగా రాజరాజేశ్వరాలయమునకు పోయి, తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నలు కట్టించిరని చెప్పుకొను ఆ కోనేటి మెట్లపై, చుట్టునుగల చిన్న శివాలయముల నీడలో చాలసేపు కూర్చుంటిని. అక్కడనే కోడలు, "మామయ్యా, రాత్రికి మిమ్మల్ని టాకోలు తినడానికి తీసుకెళ్తాం" అన్నది. సరే అంటిని.

శంషాబాదు
అదే రాత్రి

అక్కయ్యా,

విమానమునకు ఇంకను నాలుగు గంటల వ్యవధి యున్నది. చూచినది చూచినట్లు నీకు వ్రాయక నిద్రపట్టదు.

2008లో విమానాశ్రయము తెరువకముందు ద్రాక్షతోటలును జొన్నచేలును ఉండిన యీ ప్రాంతమున నేడు దీపములు తోరణములుగా వెలుగుచున్నవి. మేము పోయిన భోజనశాలలో అంతయు యువజనమే, సంగీతము మిక్కుటము. నీ మేనల్లుడు తెప్పించుకొన్న మార్గరీటా అను పానీయపు గాజుపాత్ర అంచున ఉప్పు అద్దియుండెను. అందులోని టెకీలాను కిత్తనార జాతి మొక్క ఆకులు నరికివేసి, నడుమనున్న బొండమును కాల్చి, పిండి, పులియబెట్టి, బట్టీపట్టి తీయుదురు. మనమో, ఆ జాతి మొక్కను గట్లమీద కంచెగా నాటి, నార తీసికొని ఊరకుంటిమి. నాకు మద్యము కలుపని నిమ్మరసము చాలినది.

ఇక మెక్సికో దేశపు టాకో. అరచేతి వెడల్పున మొక్కజొన్నరొట్టె, దానిపై ఉడికించిన రాజ్మా, తరిగిన ఉల్లి, కొత్తిమీర, టమాటా పచ్చడి. మడిచి చేతితోనే తినవలెను. మన నాయనమ్మ రామములగ యని పిలిచి వంటింటికి రానీయని ఆ టమాటాయు, నీవు ఏటేట మిర్చి యార్డు నుండి బస్తాలుగా తెప్పించు మిరపయు ఆ దేశపు సీమనుండి పోర్చుగీసువారి యోడల కాలమున మనకు వచ్చినవే. కావున ఆ రుచి నాకు పరాయిదిగా తోచలేదు. రొట్టె మాత్రము వేరు. దానిలో ఒక వాసన కలదు, అక్కయ్యా. వానకు తడిసిన సున్నపుగోడ వాసన.

ఆ వాసన వెంటబడి పెనము దగ్గరకు పోయితిని. అక్కడి కుర్రవాడు ఆదరముతో, "మక్కలు సున్నపు నీళ్లల్ల ఉడకబెట్టి రాత్రంత నాననిస్తం సార్, పొద్దుగాల పొట్టు పిసికి కడిగి రుబ్బుతం. మా అమ్మ జొన్నరొట్టె కొట్టినట్టు చేత్తోని కొడ్దామంటే నాకొస్తలేదు, మెషీన్ల పెట్టి వత్తుతున్న" అని, ముద్దను నా చేతిలో పెట్టెను. అది పచ్చగా, చల్లగా, కొంచెము జిగటగా నుండెను. నా కన్నులు చెమర్చినవి. ఎందుకో చెప్పెదను.

నేను ఉస్మానియాలో వైద్యవిద్యార్థిగా నున్న దినములలో, జొన్నయే ఆహారముగా బ్రతికెడి కూలీలు పెల్లగ్రా వ్యాధితో వచ్చుచుండిరి. ఎండ తగిలిన చోటనెల్ల చర్మము కాలినట్లు నల్లబడి, మెడచుట్టు కంటె పెట్టినట్లు పట్టీ కట్టెడిది. విరేచనములు, పిమ్మట మతిభ్రమ. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థయైన ప్రయోగశాలలో గోపాలన్, శ్రీకంఠియా గార్లు, జొన్నలో అధికముగా నుండు లూసిన్ అను ఎమినో ఆమ్లమే దీనికి కారణమని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించిరి. మొక్కజొన్న తినువారి కథ అంతకంటె పురాతనము. మెక్సికో గింజను ఐరోపావారు కొనిపోయిరిగాని సున్నమును మరచిరి. అందుచేత స్పెయిను, ఇటలీ పేదలు, అటుపిమ్మట అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణ భాగపు కూలీలు వేలకొలది ఆ వ్యాధికి బలియైరి. గింజలో బంధింపబడిన, ఆ వ్యాధిని నివారించు నియాసిన్ అను విటమిను సున్నపునీట విడివడి దేహమునకు అందును. ఆ సంగతి ఏ ప్రయోగశాలయు లేని కాలమున, ఏ తల్లులో, తమ పొయ్యిదగ్గర కనిపెట్టి, కూతుళ్లకు నేర్పిరి. పేరు తెలియని ఆ తల్లులకు నేను మ్రొక్కితిని.

మూడవ నంబరు వార్డులో, ఎండలో జొన్నకంకులు కోసి కోసి చేతులు మాడిన ఒక ముసలమ్మ, మేము పప్పును పాలును పెట్టిన వారమునకు నన్ను గుర్తుపట్టి, "బిడ్డా, తిన్నవా?" అని అడిగినది. నలువదియేండ్లకు పైగా ఆ ప్రశ్న నా చెవిలోనే యున్నది. ఈ రాత్రి పెనము ముందు నిలిచి, ఆమెకు ఇదిగో అని ఒక రొట్టె అందింపలేకపోతినిగదా యని విచారించితిని.

బయలుదేరునప్పుడు ఆ కుర్రవాడు రెండు రొట్టెలు కాగితములో చుట్టి యిచ్చినాడు. వానిని నీ గోంగూరతో తినెదను. నీ తాంబూలపు పళ్లెములోని సున్నము మిగిలినయెడల, చెరువుగట్టు చేలో మొక్కజొన్నలు ఎండినపుడు గుప్పెడు ఉడికించి చూడుము. పొట్టు చేతికి ఊడివచ్చునో లేదో నాకు వ్రాయుము.

కారు వచ్చినది.

నీ తమ్ముడు