చెయ్యి అలవని దరువు

పోయిన గురువారం సెకండియర్ క్లాసులో ఉండగా నా ఫోన్ మోగింది. సైలెంట్‌లో పెట్టడం మరిచిపోయాను. జేబులో నుంచి తీసి ఆపేలోపు ఆ పాట నాలుగు సెకన్లు వినపడింది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి గట్టిగా "సార్, అది పాప్రికా కదా!" అంది. క్లాసంతా నవ్వింది. ప్రబంధం పాఠం చెప్పే తెలుగు సార్ ఫోన్లో జపాన్ యానిమే పాట ఉండటం వాళ్ళకు వింత.

ఈ సంగతి స్టాఫ్ రూమ్ దాకా చేరింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక సహోద్యోగి నవ్వుతూనే అన్నాడు. "నీలాంటోడు డప్పు పాట పెట్టుకోవాలి గాని, ఈ జపాన్ గోలేందయ్యా?"

ఆయన చెడ్డవాడేం కాదు. కానీ ఆ "నీలాంటోడు" దగ్గర నా ముద్ద ఆగింది. ఆయన ఫోన్లో ఇంగ్లీషు పాట ఉంటే అది ఆయన అభిరుచి. నా ఫోన్లో జపాన్ పాట ఉంటే అది నా వాళ్ళకు నేను బాకీ పడ్డ లెక్క. అప్పుడు జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చాక, జవాబు కన్నా ఆ పాట కట్టినాయన గురించి రాయడమే నయమనిపించింది. ఈ వారం ఆయన కథ. పేరు సుసుము హిరాసావా.

నాకు ఆయన్ని పరిచయం చేసింది హాస్టల్లో పక్క గదిలో ఉండే ఫిజిక్స్ తమ్ముడు. నా పీహెచ్‌డీ మూడో ఏడు. ఫెలోషిప్ డబ్బులు ఏడు నెలలుగా రాలేదు. మెస్ బాకీ పెరిగింది, చాప్టర్ ముందుకు కదలదు, ఇంటికి ఫోన్ చేస్తే "ఎప్పుడైపోతది బిడ్డా" అంటారు. రాత్రి మూడింటికి కారిడార్లో కూర్చుని ఉంటే వాడొచ్చి "అన్నా, ఇది విను, మాట్లాడకు" అని ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. అది పాప్రికా సినిమాలో ఊరేగింపు పాట. తర్వాత వాడి పాత లాప్‌టాప్‌లో సినిమా చూశాం.

ఆ సినిమా 2006లో వచ్చింది. దర్శకుడు సతోషి కోన్. యసుటాకా సుత్సుయి నవల ఆధారం. మనుషుల కలల్లోకి దూరి వైద్యం చేసే ఒక యంత్రం దొంగల పాలవుతుంది. ఇక ఒకరి కల ఇంకొకరి కలలోకి పొంగుతుంది. పెద్ద చదువు చదివిన డాక్టరు ఉన్నట్టుండి అర్థం లేని ప్రసంగం మొదలుపెట్టి కిటికీలోంచి దూకేస్తాడు. అప్పుడు కనపడుతుంది ఆ ఊరేగింపు. ఫ్రిజ్‌లు, కప్పల బ్యాండు, బొమ్మలు, చెయ్యూపే పిల్లి బొమ్మలు, బుద్ధ విగ్రహాలు, గుడి తోరణాలు, ఆఖరికి స్వేచ్ఛా ప్రతిమ కూడా నడుచుకుంటూ వస్తాయి. జనం వాడి పారేసినవీ, మొక్కి మరిచిపోయినవీ కలిసి పండగలాగా కదులుతాయి. వెనక హిరాసావా సంగీతం. సంబరంలా మొదలై, వింటుండగానే భయంలోకి జారుతుంది. ఎక్కడ జారిందో పట్టుకుందామని అప్పట్నుంచి చాలాసార్లు విన్నాను. ఇప్పటికీ దొరకలేదు.

హిరాసావా 1954లో టోక్యోలో పుట్టాడు. 1973లో మాండ్రేక్ అనే బృందంతో మొదలయ్యాడు. పొడవాటి, మెలికలు తిరిగిన రాక్ సంగీతం. కొన్నేళ్ళకు దాన్ని వదిలి 1979లో పీ-మోడల్ పెట్టాడు. పొట్టి పాటలు, సింథసైజర్లు, విసురు. అదే ఏడు తొలి ఆల్బమ్ వచ్చింది. జపాన్‌లో టెక్నో-పాప్ అలకి అది ముందు వరస పేరు. ఆ పేరు మీదే జీవితాంతం బతకొచ్చు. ఆయన అట్లా బతకలేదు. సభ్యులు మారారు, శబ్దం మారింది, 1988లో బృందాన్ని పక్కన పెట్టేశాడు, 1989లో ఒంటరిగా తొలి ఆల్బమ్ చేశాడు, మళ్ళీ 1991లో బృందాన్ని లేపాడు, 2000లో మూసేశాడు. ఇక యానిమేల సంగతి. 1990ల మొదట్లో డెటొనేటర్ ఆర్గన్‌కి చేశాడు. 1997లో బెర్సెర్క్ టీవీ సిరీస్ వచ్చింది. పెద్ద కత్తి భుజాన వేసుకుని తిరిగే కిరాయి సైనికుడి కథ. ఆ బొమ్మల కథ గీసిన కెంటారో మియురా హిరాసావా అభిమాని. కత్తుల కథ కదా, కొమ్ములూ బాకాలూ ఉంటాయనుకుంటాం. ఈయన పెట్టింది మంత్రంలాగా తిరిగే గొంతులు, యంత్రపు తాళం.

సతోషి కోన్ కూడా ముందు అభిమానే. తర్వాతే కలిసి పని చేశారు. మిలీనియం యాక్ట్రెస్, పారనోయియా ఏజెంట్, పాప్రికా. నటి చియోకో ఒక మనిషి కోసం శతాబ్దాలు, సినిమాలు దాటుకుంటూ పరిగెత్తే కథ మొదటిది. పరుగుకీ పాటకీ ఒకటే ఊపిరి. కోన్ తీసిన టోక్యో గాడ్‌ఫాదర్స్‌కి మాత్రం హిరాసావా కాదు, మూన్‌రైడర్స్ బృందం కెయిచి సుజుకి చేశాడు. ఇల్లు లేని ముగ్గురికి క్రిస్మస్ రాత్రి చెత్తలో పసిబిడ్డ దొరికే కథ అది. చూడనివాళ్ళు ఈ ఆదివారమే చూడండి.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది పారనోయియా ఏజెంట్ గురించి. 2004, పదమూడు ఎపిసోడ్లు. సినిమాల్లో ఇమడక మిగిలిపోయిన ఆలోచనలన్నీ పోగేసి కోన్ దీన్ని చేశాడు. మొదట్లో వచ్చే పాటకి బొమ్మలు ఇట్లుంటాయి. పాత్రలన్నీ ఒక్కొక్కటీ ఒక్కో చోట నిలబడి పగలబడి నవ్వుతుంటాయి. ఒకరు నీళ్ళ అడుగున, ఒకరు ఎత్తైన భవనం మీద. ఒకరి వెనక ఆకాశంలో పుట్టగొడుగు మేఘం. పాట మాత్రం పొద్దున్నే జెండా ఎగరేసేటప్పుడు పాడేంత హుషారు.

ఆ పాట పేరులో యుమెనోషిమా అని ఉంటుంది. కలల దీవి అని అర్థం. పాట పేరు మొత్తం తెలుగులో చెప్పాలంటే కలల దీవి తలపుల పార్కు. చాలారోజులు అది కవి కల్పన అనుకున్నాను. కాదు. కలల దీవి నిజంగా ఉంది. టోక్యో అఖాతంలో, కోటో వార్డు దగ్గర. 1957 నుంచి పదేళ్ళపాటు టోక్యో నగరం తన చెత్తంతా అక్కడ పోసింది. 1965 ఎండాకాలంలో ఆ దీవి నుంచి ఈగలు దండుగా లేచి చుట్టుపక్కల బడుల మీద, ఇళ్ళ మీద పడ్డాయి. ఆఖరికి అధికారులు దీవికి నిప్పు పెట్టి ఈగల్ని చంపారు. ఆ తర్వాత పక్కనే ఇంకో చోట పోయడం మొదలుపెట్టారు. కోటో వార్డు వీధుల గుండా రోజూ చెత్త లారీలు. 1971లో టోక్యో గవర్నర్ మినోబే "చెత్త యుద్ధం" ప్రకటించాడు. ఏ వార్డు చెత్త ఆ వార్డులోనే కాల్చే ప్లాంట్లు కడదామన్నారు. సుగినామి వార్డులోవాళ్ళు మా దగ్గర వద్దన్నారు. చెత్త మీదే, కంపు మాత్రం మాకా అని 1973లో కోటో వాళ్ళు రోడ్డు మీద నిలబడి సుగినామి లారీల్ని ఆపేశారు. ఇది చదివినప్పుడు నాకు పక్క వీధిలో జరిగినట్టే అనిపించింది. మా ఊళ్ళో చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్ళి పడేసే చోటు ఎవరి ఇళ్ళ వెనక ఉండేదో నాకు తెలుసు.

ఆ దీవి మీద ఇంకో వస్తువుంది. దాయిగో ఫుకుర్యు మారు. చేపలు పట్టే కర్ర పడవ. 1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించినప్పుడు తెల్ల బూడిద ఈ పడవ మీద రాలింది. ఇరవై ముగ్గురు మనుషులున్నారు. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా ఆ సెప్టెంబర్లో చనిపోయాడు. పడవకు పేరు మార్చి కొన్నేళ్ళు వాడుకుని, పనికిరాదన్నాక తెచ్చి ఎక్కడ పడేశారో ఊహించండి. కలల దీవిలోనే, చెత్త పక్కన. 1968లో ఒక యువకుడు పేపర్‌కి ఉత్తరం రాస్తే జనం కదిలి దాన్ని కాపాడారు. 1976 నుంచి అది అక్కడే మ్యూజియంలో ఉంది. చెత్త దిబ్బ పార్కు అయింది. హిరాసావా పుట్టింది ఆ బూడిద రాలిన నెల తర్వాత, 1954 ఏప్రిల్ 2న. ఆయన ఇవన్నీ లెక్కేసుకుని ఆ పేరు పెట్టాడని నేను అనను. కానీ ఆ పేరు విన్న టోక్యో మనిషికి ముందు చెత్తే గుర్తొస్తుంది. ఆ చెత్త మీద నిలబడి పుట్టగొడుగు మేఘం ముందు నవ్వే మనిషి గుర్తొస్తాడు. మనకు సబ్‌టైటిల్లో అది రాదు.

ఇంకో మాట. జపాన్‌లోనూ వెలివేతలున్నాయి కదా, ఈయన వాళ్ళ కోసం ఏం పాడాడు అని మనవాళ్ళు అడుగుతారు. బురాకు మనుషుల పోరాటం నుంచి వచ్చిన గాయకుడు కాదీయన. ఆ దారిలో వెతికేవాళ్ళకు తకెడా జోల పాట ఉంది. క్యోటోలోని ఒక బురాకు నుంచి వచ్చిన జానపదం. 1971లో అకాయి తోరి బృందం పాడితే ఊరూరా మోగింది. ఆ తర్వాత అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి రేడియోలు, టీవీలు దాన్ని పక్కన పెట్టేశాయి. నిషేధించమని ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు వాళ్ళే భయపడ్డారు. అది వేరే వ్యాసం, రాస్తాను. హిరాసావాని లాక్కొచ్చి మన జెండా కింద నిలబెట్టే పని మాత్రం నేను చెయ్యను. నచ్చినవాళ్ళందరూ మనవాళ్ళే కానక్కర్లేదు.

కానీ ఒక విషయంలో ఆయన నన్ను మా ఇంటి గుమ్మం దాకా తీసుకొచ్చాడు.

1999లో ఆయన పెద్ద రికార్డు కంపెనీల దారి వదిలి, పాటల్ని నేరుగా ఇంటర్నెట్లో ఎంపీత్రీలుగా ఇవ్వడం మొదలుపెట్టాడు. కొన్ని ఉచితంగానే. అప్పటికి కంపెనీలు ఎంపీత్రీ పేరు చెబితేనే దొంగతనం అంటున్నాయి. పాటల హక్కుల్ని వసూలు చేసే సంస్థ లెక్కల మీద ఆయనకు నమ్మకం లేదు. కష్టపడినవాడికి చేరాల్సింది మధ్యలో ఎక్కడో ఆగుతుందని ఆయన బాధ. 2006లో ఒక ఇంటర్వ్యూలో, పాటలకు డిజిటల్ తాళాలూ అక్కర్లేదు, కాపీ చేసుకునే పరికరాల మీద వేసే రుసుమూ అక్కర్లేదు అని వాదించాడు. ఉచితంగా ఇచ్చాక సీడీల అమ్మకం పెరిగిందనీ చెప్పాడు. 2001లో సౌర విద్యుత్తుతో ఆల్బమ్ రికార్డు చేశాడు. కరెంటు దగ్గర కూడా ఒకరి చేతి కింద ఉండకూడదనే పంతం అనిపిస్తుంది నాకు.

మా నాయినది డప్పు. నా చిన్నప్పుడు పట్నం నుంచి ఒక కంపెనీవాళ్ళొచ్చి మా ఊరి డప్పులోళ్ళను జీపులో తీసుకుపోయారు. ఒక రోజంతా కొట్టించారు. మధ్యాహ్నం అన్నం పెట్టారు, సాయంత్రం తలా వంద చేతిలో పెట్టారు. ఆ ఏడాదే జాతరలో ఆ క్యాసెట్ మోగింది. నాయిన దాన్ని ఇరవై రూపాయలు పెట్టి కొన్నాడు. అట్ట మీద పాడినాయన ఫొటో, సంగీతం ఎవరో వాళ్ళ పేరు. డప్పు కొట్టిన ఆరుగురి పేర్లు ఎక్కడా లేవు. నాయిన చదువుకోలేదు కాబట్టి నన్ను చదవమన్నాడు. నేను రెండు వైపులా చదివి "లేదు నాయినా" అన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను మొట్టమొదట చేసిన గ్రంథ పరిశీలన అదే.

అయితే హిరాసావా చేసిన పని మా నాయిన చేయగలిగేదా అంటే కాదు. పేరున్నవాడు హక్కు వదులుకుంటే అది తిరుగుబాటు. పేరే లేనివాడు వదులుకోవడానికి ఏముంది? ముందు అట్ట మీద పేరు రావాలి. ఈ తేడా ఒప్పుకోకుండా "సంగీతం అందరిదీ" అని నినాదం ఇచ్చేవాళ్ళతో నాకు పేచీ. మన పాట అందరిదీ అయినప్పుడల్లా నష్టపోయింది ఎవరో మనకు తెలుసు.

సతోషి కోన్ 2010 ఆగస్టు 24న క్లోమ క్యాన్సర్‌తో పోయాడు. నలభై ఆరేళ్ళే. చేస్తున్న సినిమా సగంలో ఆగిపోయింది. మియురా 2021లో పోయాడు, బెర్సెర్క్ కథ ముగియకుండానే. తన పాటలు విని కథలు కట్టిన ఇద్దరూ తనకన్నా చిన్నవాళ్ళు, ఇద్దరూ ముందే పోయారు.

దసరా సెలవులకు ఊరికెళ్ళినప్పుడు నాయినకు ఆ ఊరేగింపు పాట వినిపించాను. ఇప్పుడు చేతులు వణుకుతాయి, డప్పు గోడకు తగిలించే ఉంది. మంచం మీద కూర్చుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కాసేపటికి కుడి చేతి వేళ్ళు మంచం పట్టె మీద సిర్ర పట్టినట్టు కదిలాయి. తర్వాత ఆగాయి.

"ఇది మనిషి కొట్టింది గాదు బిడ్డా" అన్నాడు.

"ఎట్ల తెలిసింది నాయినా?"

"మొదట ఎంత జోరుందో చివరికీ గంతే ఉన్నది. ఎక్కడా చెయ్యి అలవలే. డప్పు సల్లబడి మంట కాడికి పోయింది లేదు."

కంప్యూటర్‌తో కట్టిన సంగీతం అని చెప్పాను. ఆ సినిమా సంగీతంలో కంప్యూటర్ గొంతు కూడా వాడారని, లోలా అనే సాఫ్ట్‌వేర్ అని చెప్పాను. ఆయనకు గొంతు సంగతి పట్టలేదు.

"మరి మనిషి పేరేంది, కట్టినాయనది?"

చెప్పాను. హిరాసావా అనడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, కుదరలేదు.

"అట్ట మీద రాసిన్రా?"

"రాసిన్రు నాయినా."

"అయితే ఇంకోసారి పెట్టు" అన్నాడు.