వేడి గోడ దగ్గర

పైలట్ లేని విమానాల ఇంజిన్ల మీద రాయమన్నారు సంపాదకులు. అప్పటి అహ్మద్‌నగర్‌లోని వాహన పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ తయారీలో పాలుపంచుకున్న వాంకెల్ రోటరీ ఇంజిన్‌తో 2009లో కోలార్ దగ్గర పైలట్ లేని విమానం ‘నిశాంత్’ ఎగిరింది. ఆ ఇంజిన్‌ను చల్లబరచడంలోని కష్టం నాకు కళ్లకు కట్టింది మాత్రం హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఒక రేడియేటర్ రిపేరు కొట్లో.

ఆ కొట్టు ఉస్తాద్‌కు డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఇత్తడి రేడియేటర్‌ను తొట్టిలో ముంచి గాలి పెట్టారు. బుడగ లేచిన గొట్టాన్ని వేలితో పట్టుకుని, బయటికి తీసి, తుడిచి, యాసిడ్ పూసి టంకం వేశారు. మళ్లీ ముంచారు. ఈసారి ఒక్క బుడగా లేవలేదు.

ఇంతలో లారీ డ్రైవర్ మీద కోప్పడ్డారు.

“థర్మోస్టాట్ ఏది బేటా?”

“మన ఎండలకు అదెందుకని మెకానిక్ పీకేసిండు ఉస్తాద్.”

“నీళ్లు జోరుగ ఉరికితే సాలనుకుంటరు. అది అడ్డముంటెనే బ్లాకుల ప్రెజర్ నిలుస్తది. లేకుంటే వేడి గోడ కాడ ఆవిరి పుడ్తది. ఆవిరి ఉన్నకాడ నీళ్లు అంటయా?”

రోటరీ ఇంజిన్‌కు ప్రాణం లాంటి సూత్రమిదే. పిస్టన్ ఇంజిన్‌లో ఒకే సిలిండర్‌కు చల్లని గాలీ, మంటా వంతులవారీగా తగులుతాయి. వాంకెల్‌లో అలా కాదు. రోటర్ తిరిగే గూడులో ఒక పక్కకు ఎప్పుడూ కొత్త గాలే, మరో పక్కకు ఎప్పుడూ మంటే. ఆ తేడాకు గూడు వంకర పోతే సీళ్లు పట్టు తప్పుతాయి. అందుకే కూలెంట్‌ను వేడి పక్కకు గట్టిగా తోలాలి, ఆవిరి పుట్టనివ్వని ఒత్తిడిలో ఉంచాలి. రేడియేటర్ మూత 13 పీఎస్ఐ ఒత్తిడిని ఆపితే నీరు 100 డిగ్రీలకు కాక, సుమారు 119 దగ్గర మరుగుతుంది. పదివేల అడుగుల ఎత్తున మూత లేని నీరు 90కే మరుగుతుంది. పైగా పంపు వేగం సగానికి తగ్గితే అది పుట్టించే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. నేలమీద లారీ అయితే పక్కకు ఆపుకోవచ్చు. ఆకాశంలో ఆ వీలు లేదు.

ఈ లెక్కలేవీ ఉస్తాద్ చదవలేదు. బుడగ ఎక్కడ పుడుతుందో, ఎందుకు పుడుతుందో ఆయన చేతికి తెలుసు. ఇప్పుడు ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్లు వచ్చాయి. కారితే పారేసి కొత్తది బిగిస్తారు. టంకం నేర్చుకునే కుర్రాళ్లు కొట్లో కనిపించలేదు.

ఈ పక్కనే గౌలిగూడలో, విమానాల కోసం తయారై బస్టాండుగా బతికిన పాత హ్యాంగర్ 2018లో కూలినప్పుడు పత్రికలు రాశాయి. ఈ చేతిపని కూలిపోతున్నా ఎవరికీ పట్టడం లేదు. సొంత ఇంజిన్లు కావాలనుకునే దేశానికి ప్రయోగశాల ఎంత అవసరమో, లోపాన్ని వేలితో పట్టే ఈ మనిషీ అంతే అవసరం. మన ఇంజినీరింగ్ కాలేజీలు ఉష్ణ ప్రసరణ పాఠం చెప్పే వారంలో ఈయనను పిలవాలి, రోజు కూలికి కాదు, అధ్యాపకుడికిచ్చే గౌరవ వేతనంతో. పిల్లలు తొట్టి ముందు నిలబడి ఆ బుడగను తామే వెతకాలి.