జంట మందుల్ని విడదీయకండి

"రెండు మందులెందుకు డాక్టరు గారూ, ఒకటి చాలదా?" అని అడిగేవాళ్లతో నాకు చిక్కు లేదు. అడక్కుండా తలూపి, ఇంటికెళ్లి ఒకటి మానేసేవాళ్లతోనే నా బాధంతా.

భీమవరం నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. డెబ్బై ఆరేళ్లు. తగ్గని జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం. మజ్జ పరీక్షలో అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అని తేలింది. ఎదగని కణాలు కలుపులా నిండిపోయి, మంచి రక్తం పుట్టడానికి మజ్జలో చోటు లేకుండా చేసే జబ్బు ఇది. వయసులో ఉన్నవాళ్లకైతే సైటరాబిన్ 7 రోజులు, డౌనోరుబిసిన్ 3 రోజులు ఎక్కిస్తాం. అది ఆయన గుండె తట్టుకోదు. అందుకని నెలకు 7 రోజులు అజాసిటిడిన్ ఇంజక్షను, దానికి తోడు వెనెటోక్లాక్స్ మాత్రలు. నెల తిరిగేసరికి మజ్జ శుభ్రపడింది.

అయిదో నెలలో చెడ్డ కణాలు మళ్లీ కనిపించాయి. కోడలు సంచిలోంచి జంతికల డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. లోపల విప్పని మాత్రల షీట్లు. రబ్బరు బ్యాండు వేసి, ఒక్కోదాని మీద పెన్నుతో తారీఖు రాసి ఉంది.

"మావయ్య గారు అటక మీద దాచారండీ."

ఆయన తలెత్తలేదు. "ఇంజక్షను పడుతూనే ఉంది కదా బాబూ. రిపోర్టు బాగుందన్నారు. ఇవి షాపులో తిరిగిచ్చేస్తే మనవరాలి ఫీజుకొస్తాయని..."

కోపం ఆపుకోలేక గట్టిగా అరిచాను. ఆ తారీఖులు చూశాక గొంతు పూడుకుపోయింది.

చావాల్సిన కణాన్ని చావనివ్వకుండా కాపాడే ప్రోటీన్ బీసీఎల్-2. వెనెటోక్లాక్స్ దాన్ని అడ్డుకుంటుంది. అప్పుడా కణం ఎంసీఎల్-1 అనే మరో ప్రోటీన్ అండ చూసుకుంటుంది. ఆ అండను అజాసిటిడిన్ బలహీనపరుస్తుంది. 2020లో వెలువడిన పరిశోధనలో, అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 9.6 నెలలు దాటి బతికితే, రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో సగం మంది 14.7 నెలలు దాటారు. పెద్ద వయసులో ఆ అయిదు నెలలంటే ఒక సంక్రాంతి, ఒక పెళ్లి.

ఆ పెద్దాయన ఊరు భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల ల్యుకేమియాను తగ్గించవచ్చని 1948లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ లోకానికి చూపించాడు. కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టేది. మందుల్ని కలిపి వాడడం నేర్చాకే అలాంటి పిల్లలు బతికి బట్టకట్టారు.

మోతాదు తగ్గించే సందర్భాలు లేకపోలేదు. రక్తకణాల సంఖ్య బాగా పడిపోయినా, వోరికొనజోల్ లాంటి ఫంగస్ మందు తోడైనా మేమే తగ్గిస్తాం. ఆ లెక్క మాకు వదిలేయండి. డబ్బు కష్టం మాత్రం దాచకండి, ఏదో ఒక దారి వెతుకుదాం.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. జబ్బు ఈసారి లొంగలేదు. పెద్దాయన వెళ్లిపోయారు.

ఎన్ని మాత్రలు వేసుకోవాలో ఆయనకు నాలుగుసార్లు చెప్పాను. వాటికి డబ్బెక్కడిదని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా రిపోర్టు విప్పకముందే ఆ మాట అడుగుతున్నాను.