మట్టితో ఒక సెలవు రోజు

కుండలు చేయడం, మొక్కలు పెంచడం రెండూ మట్టి పనులే అయినా వాటికి కావలసిన మట్టి ఒకటి కాదు. సారె మీదికి వెళ్ళేది మెత్తగా, జిగురుగా ఉండే బంకమట్టి. వేళ్ళకు గాలి ఆడాలి కనుక మొక్కల మట్టి గుల్లగా ఉండాలి. ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపితే సరిపోతుంది.

రెండూ ఇష్టమైనవారు సెలవు రోజును ఎండను బట్టి పంచుకుంటే మేలు. పొద్దున్నే నీళ్ళు పోయడం, ఎండుకొమ్మలు కత్తిరించడం. ఎండ ముదిరాక నీడపట్టున సారె. ముందు బంకమట్టిని బాగా పిసికి గాలిబుడగలు పోగొట్టాలి. తర్వాత ముద్దను సారెకు సరిగ్గా నడిమధ్యన నిలపాలి. కొత్తవారికి అన్నిటికన్నా కష్టం ఇదే, అసలు ఆనందమూ ఇక్కడే. చేసిన కుండ నీడలో నిదానంగా ఆరాలి. ఎండలో పెడితే ఒక పక్క ముందే ఆరి బీటలు వారుతుంది. ఆరినా, కాల్చని కుండ నీటిలో మళ్ళీ కరిగిపోతుంది. సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలాకే మట్టి శాశ్వతంగా గట్టిపడుతుంది.

పూత వేయని కుండకు కాల్చాక కూడా సన్నని రంధ్రాలు మిగులుతాయి. అందుకే దాన్ని మొక్కల నడుమ మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెడితే, చుట్టూ మట్టి ఆరేకొద్దీ నీరు ఊరుతుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథం ‘ఫాన్ షెంగ్‌జి షు’లోనే ఈ పద్ధతి ఉంది. సారెనూ తోటనూ ఇంత చక్కగా కలిపే పని మరొకటి లేదు. వేసవిలో టమాటా, వంగ పెంచేవారు ఒక కుండ తప్పక పాతి చూడాలి. దాని అడుగున మాత్రం చిల్లు ఉండకూడదు.