అమ్మ అడిగిన లెక్క

చార్మినార్ ముందు రాళ్లు పరిచిన దారిలో అమ్మ నిదానంగా నడుస్తోంది. చిన్నప్పుడు ఇక్కడే బస్సులు, ఆటోల మధ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని రోడ్డు దాటించేది.

"ఈ పనికి డబ్బెవరిచ్చార్రా?" అంది.

"ఈ పాదచారుల పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద మంజూరైందమ్మా. 2005లో కేంద్రం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లాంటి మహానగరాలకి రూపాయిలో కేంద్రానిది 35 పైసలు, రాష్ట్రానిది 15. మిగతా 50 నగరమే సమకూర్చుకోవాల్సి ఉండేది."

"అంటే సగం మనదేనన్నమాట. మరి చుట్టూ రోడ్లు వెడల్పు చేసినప్పుడు మన ఇంటి అరుగు పోయింది కదా, అది ఏ పైసల్లోకొస్తుంది?"

నాన్న సాయంత్రాలన్నీ గడిచింది ఆ అరుగు మీదే. నాకు జవాబు తోచలేదు.

"పోనీలే, నా మోకాళ్లకి ఈ దారి హాయిగా ఉంది" అంటూ లాడ్ బజార్ వైపు తిరిగింది.